తీగ మీది సంఖ్య

హైడ్రాలిక్ ఆయిలును గాజుసీసాలోనికి పట్టి, వెలుతురునకు ఎదురుగా నిలిపి, తేటగానే ఉన్నదని నిర్ణయించు అలవాటు మన కర్మాగారములలో నేటికిని పోలేదు. అయితే సుమారు 40 మైక్రానులకంటె సూక్ష్మమైన రేణువు మానవనేత్రమునకు గోచరింపదు; సర్వో వాల్వును పట్టివేసి, పంపును అరుగదీయు రేణువులలో పెక్కు అంతకంటె చిన్నవి. కనుకనే కన్నునకు మారుగా సెన్సరును నియమించితిమి. దాని సంకేతమును చదువు విద్యను మాత్రము మనమే అభ్యసింపవలసియున్నది.

సెన్సరులో నూనె కాంతికిరణమునకు అడ్డముగా ప్రవహించును. రేణువు దాటినప్పుడెల్ల వెలుగు క్షణకాలము తగ్గును. ఆ నీడలను లెక్కించి, ఐఎస్ఓ 4406 ప్రకారము కోడుగా మార్చి, 4 నుండి 20 మిల్లీ ఆంపియరుల కరెంటుగా తీగపైకి పంపును. శూన్యమునకు బదులు 4తో ఆరంభించుటలో గొప్ప వివేకమున్నది: తీగ తెగినచో కరెంటు శూన్యమగును గనుక, మాలిన్యము లేకుండుటకును, వార్తయే రాకుండుటకును గల భేదము తెలియును.

అసలు మర్మము కోడులో ఉన్నది. అది ఒక్క మెట్టు పెరిగినచో రేణువుల సంఖ్య రెట్టింపగును. 0 నుండి 24 వరకు గల కోడ్లను 4, 20 మిల్లీ ఆంపియరుల నడుమ సమముగా పరచిన సెన్సరు ఒకటి ఉన్నదనుకొందము. మీటరు 16 చూపినచో కోడు 18. అనగా ఒక్క మిల్లీలీటరు నూనెలో, 4 మైక్రానులును అంతకు మించినవియునగు రేణువులు 1300 మొదలు 2500 వరకు. మీటరు 18 చూపినచో కోడు 21. రేణువులు 10000 మొదలు 20000 వరకు. చూచువానికి రెండు మిల్లీ ఆంపియరులే పెరిగినట్లుండును గాని, నూనెలో మాలిన్యము ఎనిమిది రెట్లయినది.

కాంతిని అడ్డగించు గాలిబుడగను, నీటిబిందువును సైతము ఇట్టి సెన్సరు రేణువుగానే ఎంచును. కావున యంత్రము కదలగనే సంఖ్య ఎగసి, కొంతసేపటికి తనంత తానే దిగినచో గాలిని శంకింపవలయును. దినదినమును మెల్లగా ఎక్కుచు దిగకున్నచో ఫిల్టరును, పంపును పరీక్షింపవలయును. ఏకాకియైన అంకెకంటె దాని నడకయే సత్యమును అధికముగా తెలుపునని నా దృఢవిశ్వాసము.

మెయింటెనెన్సు సోదరులారా, తయారీదారు ఇచ్చిన కరెంటు–కోడు పట్టికను మీటరు పక్కననే అంటింపుడు. ఏలయన అన్ని సెన్సర్లకును కొలత ఒకటి కాదు. నూనె శుభ్రముగా ఉన్ననాటి కోడును దానిపై వ్రాసియుంచుడు. అందుకంటె రెండు మెట్లు పెరుగగనే కారణమును వెదకుడు. అప్పటికే రేణువులు నాలుగు రెట్లయియుండును.