నిరూపణభారం ఎవరిది? న్యాయస్థాన రహస్యకథ మాధ్యమాంతరీకరణ: ‘గ్యాకుతెన్ సైబాన్’ పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక రచన ఒక మాధ్యమం నుంచి మరొక మాధ్యమానికి మారినప్పుడు తెలుగు విమర్శ సాధారణంగా వేసే ప్రశ్న ఒకటే: మూలంలో ఉన్నది ఎంత మిగిలింది, ఎంత పోయింది? విడిచిన సన్నివేశాలను, కలిపిన పాత్రలను, మార్చిన ముగింపును వరుసగా పేర్కొని మూలవిధేయతను తేల్చడం పరిపాటి అయింది. న్యాయస్థాన రహస్యకథ విషయంలో ఈ కొలమానం చాలదు. అందులో నేరం ఒక సంఘటన మాత్రమే. ఆ నేరాన్ని నిరూపించే క్రమమే కథ. కాబట్టి నిరూపణభారాన్ని మూలంలో ఎవరు మోశారు, అనుసరణలో ఎవరు మోస్తున్నారు అన్నది మొదట అడగవలసిన ప్రశ్న. వీడియో గేమ్‌గా పుట్టి అనిమే ధారావాహికగా మారిన జపాను రచన ‘గ్యాకుతెన్ సైబాన్’ ఈ ప్రశ్నకు అనువైన ఉదాహరణ. గుంటూరు సీమకు చెందిన ‘మాలపల్లి’ నవల, తెలుగు నాటకసాహిత్యంలో ప్రసిద్ధమైన ‘కన్యాశుల్కం’ ఈ పరిశీలనకు తులనాత్మక ఆధారాలు.

మూలరచన నిర్మాణం

‘గ్యాకుతెన్ సైబాన్’ అంటే స్థూలంగా తలకిందులైన విచారణ అని అర్థం. షు తకుమి రచనా దర్శకత్వాలలో క్యాప్‌కామ్ సంస్థ దీనిని 2001 అక్టోబరులో గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రం కోసం విడుదల చేసింది. 2005లో ‘ఫీనిక్స్ రైట్: ఏస్ అటార్నీ’ పేరుతో ఆంగ్లంలోకి వచ్చింది. ఆడేవ్యక్తి నరుహోదో అనే యువ న్యాయవాది స్థానంలో ఉంటాడు. సాక్షి వాఙ్మూలం వాక్యాలుగా విడిపోయి తెరమీద కనిపిస్తుంది. ఏ వాక్యం దగ్గరైనా ఆగి సాక్షిని నిలదీయవచ్చు. చేతిలో ఉన్న ఆధారాల్లో ఒకదానిని చూపి ఆ వాక్యం అబద్ధమని ఆక్షేపించవచ్చు. తప్పు ఆధారం చూపితే న్యాయమూర్తి మందలిస్తాడు, ఆడేవ్యక్తికి ఉన్న అవకాశాలు తరుగుతాయి. అవి పూర్తిగా పోతే ముద్దాయి దోషిగా తేలుతాడు.

మొదటి కేసులో ముద్దాయి నాయకుడి బాల్యమిత్రుడు యహారి. అసలు హంతకుడెవరో రచన ఆరంభంలోనే చూపుతుంది. కనుక హంతకుడు ఎవరన్నది ఇక్కడ రహస్యం కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు శవాన్ని చూశానని సాక్షి అంటాడు. శవపరీక్ష నివేదిక మరణసమయం అంతకన్నా తర్వాతిదని చెబుతుంది. టీవీ శబ్దం వల్ల వేళ తెలిసిందని సర్దుకుంటే, ఆ సమయంలో కరెంటు లేదన్న ఆధారం అడ్డు వస్తుంది. చివరికి తాను గడియారం చూశానంటాడు. హత్యకు వాడిన విగ్రహమే ఆ గడియారం. చూసినంత మాత్రాన అది గడియారమని ఎవరికీ తెలియదు. దాని మోత విన్నవాడికే తెలుస్తుంది. ఒక్కొక్క అబద్ధం మరొక అబద్ధాన్ని పిలుస్తుంది. ఆ గొలుసులో ప్రతి కొక్కాన్ని విప్పవలసినది ఆడేవ్యక్తి. సత్యం అతనికి ముందే తెలుసు. దానిని రుజువు చేయడమే తెలియదు. తెలియడానికీ రుజువు చేయడానికీ మధ్య ఉన్న ఈ దూరంలోనే రచన రసపుష్టి పొందుతుంది.

ధారావాహికలో జరిగిన మార్పు

అయుము వతనబే దర్శకత్వంలో ఎ-వన్ పిక్చర్స్ నిర్మించిన ధారావాహిక 2016 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు 24 భాగాలుగా ప్రసారమైంది. మొదటి కేసు మొత్తం ఒకే భాగంలో ముగుస్తుంది. 2005 నాటి గేమ్ రూపంలో అదనంగా చేరిన అయిదో కేసుకు ఈ ధారావాహికలో చోటు దక్కలేదు. మూలవిధేయతను కొలిచే విమర్శకు ఇదే పెద్ద లోపంగా కనిపిస్తుంది. అయితే యథాతథంగా తీసుకున్న మొదటి కేసులోనే అంతకంటే లోతైన మార్పు ఉంది. సాక్షులు వారే, ఆధారాలు అవే, తీర్పు అదే. ఆధారాన్ని ఎన్నుకునే చేయి మాత్రం మారింది. ప్రేక్షకుడు ఆలోచించేలోపే నాయకుడు వేలు చాచి ఆక్షేపిస్తాడు. గేమ్‌లో ఆడేవ్యక్తి ఎంతసేపైనా ఆగవచ్చు, తడబడవచ్చు, తప్పు చేయవచ్చు. ధారావాహికలో కాలం ఆగదు. ప్రేక్షకుడి తప్పుకు చోటే లేదు.

తప్పుకు చోటు లేకపోవడం కేవలం వినోదానికి సంబంధించిన లోటు కాదు. జపానులో విచారణకు వచ్చిన నేరాభియోగాల్లో 99 శాతానికి పైగా శిక్షలతోనే ముగుస్తాయి. సామాన్య పౌరులు న్యాయమూర్తులతో కలిసి తీర్పులో పాల్గొనే విధానం అక్కడ 2009లో గాని అమలులోకి రాలేదు. అంతకుముందే వచ్చిన ఈ గేమ్‌లో న్యాయమూర్తి ఒక్కడే తీర్పరి. విచారణకు మూడు రోజులే గడువు. ముద్దాయి పక్షాన నిలిచినవాడి నిస్సహాయతను ఆడేవ్యక్తి తన తప్పుల ద్వారా అనుభవిస్తాడు. తన పొరపాటుతో నిర్దోషి శిక్షపడి పోయిన క్షణం అతనికి న్యాయవ్యవస్థ బలహీనతను చూపుతుంది. ధారావాహికలో ఆ భయం నాయకుడి ముఖంమీద చెమటగా కనిపిస్తుంది. ప్రేక్షకుడి అనుభవంగా మారదు. అందువల్ల వ్యవస్థపై విమర్శ వీరగాథగా సన్నగిల్లింది.

ధారావాహిక సాధించినది లేకపోలేదు. గేమ్‌లో పాత్రలు కొన్ని భంగిమలకు, మూగ అక్షరాలకు పరిమితం. ధారావాహికలో వాటికి నిరంతర చలనం, కంఠస్వరం వచ్చాయి. నరుహోదో, యహారి, ప్రాసిక్యూటరు మిత్సురుగిల బాల్యస్నేహానికి ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించడం వల్ల వాదిప్రతివాదుల వైరం వెనుక ఉన్న బాంధవ్యం గాఢమైంది. తర్కంలో పోయినది కొంతవరకు కరుణలో తిరిగి వచ్చిందని చెప్పవచ్చు.

తెలుగు సాహిత్య సందర్భం

నిరూపణభారం అనే దృష్టితో చూస్తే తెలుగు రచనల స్వభావం కూడా స్పష్టమవుతుంది. గుంటూరులో న్యాయవాదిగా పనిచేసిన బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన ‘మాలపల్లి’లో సంగదాసు మరణానికి కారణమైన చౌదరయ్యను పాఠకుడు ఎరుగును. చట్టం మాత్రం అతన్ని దోషిగా నిలబెట్టదు. న్యాయస్థానాల లోపలి సంగతులు తెలిసిన రచయిత నిరూపణను ఉద్దేశపూర్వకంగానే అసాధ్యం చేశాడనిపిస్తుంది. పాఠకుడు సాక్షిగా మిగిలిపోతాడు. అతని సాక్ష్యాన్ని అడిగే న్యాయస్థానం ఉండదు.

‘కన్యాశుల్కం’లో పరిస్థితి దీనికి విలోమం. లుబ్ధావధాన్లు హత్య చేశాడంటున్న పిల్ల అసలు లేనే లేదు. కరటకశాస్త్రి శిష్యుడైన మహేశమే పెళ్లికూతురి వేషం వేశాడు. ఈ సత్యం ప్రేక్షకుడికి తెలుసు. గురజాడ ఆ రుజువును కచేరీ గోడల మధ్య పెట్టకుండా సౌజన్యారావు ఇంట్లో మధురవాణి నోట పెట్టాడు. 1955లో పి. పుల్లయ్య దీనిని చలనచిత్రంగా తీశాడు; లుబ్ధావధాన్లుగా తెనాలికి చెందిన గోవిందరాజుల సుబ్బారావు నటించాడు. నాటక ప్రేక్షకుడు, చిత్ర ప్రేక్షకుడు ఇద్దరూ చూసేవారే. ఇద్దరిపైనా నిరూపణభారం లేదు. అందువల్ల ఆ అనుసరణలో ఎన్ని మార్పులు జరిగినా ప్రేక్షకుడి స్థానం మారలేదు. గేమ్ నుంచి ధారావాహికకు జరిగిన ప్రయాణంలో సంఘటనలు మారకపోయినా అదే మారింది.

ముగింపు

అనుసరణను సన్నివేశాల లెక్కతో అంచనా వేస్తే మొదటి కేసు విశ్వసనీయమైన రూపాంతరంగా తేలుతుంది. నిరూపణభారంతో అంచనా వేస్తే అది మూలానికి దూరమైన రూపాంతరం. ఈ దూరం అనివార్యం కాదు. ఆధారాలన్నీ ముందుగా చూపి, ఆక్షేపణకు ముందు ప్రేక్షకుడికి ఆలోచించే విరామం ఇచ్చి, నాయకుడి తప్పు ప్రయత్నాలకు ముద్దాయి చెల్లించే మూల్యాన్ని చిత్రించి ఉంటే ఆ భారంలో కొంత భాగమైనా ప్రేక్షకుడి భుజాలపై ఉండేది. చదివేవాడు, చూసేవాడు, ఆడేవాడు ఒకే రీతిలో కథను పొందరు. తెలుగులో వీడియో గేమ్‌లను, వాటి అనుసరణలను సాహిత్య పరిశోధన పరిధిలోకి తీసుకునేటప్పుడు ఈ ముగ్గురి మధ్య భేదాన్ని తొలి ప్రమాణంగా గ్రహించడం అవసరం.