ఫోటో లేనివాళ్ళ వాడ: ‘కోకో’ చిత్రం బలమూ, బలహీనతా

పిల్లల బొమ్మల సినిమాను గురించి మన పత్రికలో చర్చ ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. నా సమాధానం ఒకటే. పెద్దలకు చెప్పే కథలో ఒక సమాజం తన విలువలను ఎన్నో ముసుగుల మాటున దాచుకుంటుంది. పిల్లలకు చెప్పే కథలో ఆ అవసరం లేదనుకుంటుంది. ఏది న్యాయం, ఎవరు గొప్ప, ఎవరిని తలచుకోవాలి అన్న పాఠాలు మన తరగతి గదికి రాకముందే పిల్లలు తెరమీద నేర్చుకుని వస్తున్నారు. కాబట్టి ఆ తెర మనకు పట్టనిది కాదు.

అమెరికాలోని పిక్సార్ సంస్థ నిర్మించగా డిస్నీ సంస్థ 2017లో విడుదల చేసిన ‘కోకో’ను నేను ఈ దృష్టితోనే చూశాను. లీ అన్‌క్రిచ్ దర్శకుడు, ఏడ్రియన్ మోలీనా సహదర్శకుడు. 2018లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగానూ, ఉత్తమ గీతానికీ ఆస్కార్ బహుమతులు పొందింది. ప్రపంచమంతటా 80 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. బహుమతులూ వసూళ్ళూ కళకు కొలబద్దలు కావు. అయినా ఇది మంచి చిత్రమే. మంచి చిత్రం కాబట్టే అది తన మాట తాను ఎక్కడ తప్పిందో చెప్పుకోవలసి ఉన్నది.

మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీల్లో జరిగే మృతుల పండుగ ఈ కథకు భూమిక. మన పెద్దల అమావాస్య వంటిదే. చనిపోయినవాళ్ళు ఆ రోజుల్లో ఇంటికి వస్తారని నమ్మకం. పీఠం కట్టి, ఫోటోలు పెట్టి, బంతిపూలు పరిచి, వాళ్ళకు ఇష్టమైనవి వండిపెడతారు. బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికోయే. మన బతుకమ్మలోకి అది అంత దూరం నుంచి వచ్చిన చుట్టం.

సాంతా సెసీలియా అనే ఊళ్ళో బూట్లు కుట్టే కుటుంబంలో పన్నెండేళ్ళ మిగేల్ ఉంటాడు. వాడి ముత్తవ్వ కోకో. ఆమె పసితనంలోనే తండ్రి పాట వెంట పడి ఇల్లు వదిలాడు, తిరిగి రాలేదు. తల్లి ఇమెల్డా బూట్లు కుట్టడం నేర్చుకుని కూతురిని పెంచింది. ఆ పని ఇంటి వృత్తి అయింది, పాట ఇంటికి నిషిద్ధమయింది. పాట మీద ప్రాణం పెట్టుకున్న మిగేల్, ఎర్నెస్టో అనే మహా గాయకుడి సమాధిలోని గిటారు దొంగిలించి, ఆ పాపానికి బతికుండగానే మృతుల లోకంలో పడతాడు. అక్కడ హెక్టర్ అనే నిరుపేద అస్థిపంజరం వాడికి తోడవుతాడు.

చిత్రం బలాలు మూడు. మొదటిది, శ్రమను చిన్నచూపు చూడకపోవడం. ఇమెల్డా కన్నీళ్ళ భార్యగా మిగిలిపోలేదు. చేతిపనితో ఒక వంశాన్నే నిలబెట్టింది. ఆమె కోపానికి కారణం మూఢత్వం కాదు, అనుభవం.

రెండవది, ఒకే పాటకు రెండు బతుకులు చూపడం. ఎర్నెస్టో నోట అది దీపాల జిలుగుల మధ్య, నాట్యగత్తెల నడుమ, జనాన్ని మురిపించే సరుకు. నిజానికి దాన్ని రాసిన హెక్టర్ నోట, కూతురు కోకోను నిద్రపుచ్చే తండ్రి గొంతు. బాణీ అదే, మాటలు అవే. వ్యాపార సంస్కృతి ప్రజల పాటను ఏం చేస్తుందో ఒక్క ఉపన్యాసం లేకుండా శిల్పం ద్వారానే చెప్పిన తీరు ఇది. వస్తువుకు శిల్పం ఎలా ఊతమవుతుందో తెలుసుకోగోరే విద్యార్థులు ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మూడవది, అన్నిటికన్నా పెద్దది. చావు అందరినీ సమానం చేస్తుందన్న పాత మాటను ఈ చిత్రం ఒప్పుకోదు. బతికున్నవాళ్ళ ఇంట ఫోటో ఉంటేనే పండుగనాడు వంతెన దాటే హక్కు. గేటు దగ్గర అధికారులు ముఖాలను యంత్రంతో సరిచూసి వదులుతారు. మెక్సికో సరిహద్దున గోడ కడతానన్న ట్రంప్ అధ్యక్షుడైన 2017లోనే ఈ గేటు అమెరికా పిల్లల కళ్ళముందుకు రావడం గమనించదగ్గది. జనం తలచుకునే ఎర్నెస్టోకు మేడ, కానుకల గుట్టలు. ఎవరూ తలచుకోనివాళ్ళకు అడుగున నీళ్ళ ఒడ్డున రేకుల గుడిసెలు. ఆ వాడలో రక్తసంబంధం లేకున్నా ఒకరినొకరు మామా, బావా అని పిలుచుకుంటారు. మన కూలివాడల్లో పుట్టి పెరిగినవారికి ఆ పిలుపులు కొత్త కావు. చిచరోన్ అనే ముసలివాడు గిటారు అరువిస్తూ, బదులుగా ఒక పాట పాడమంటాడు. పాట ముగిసేసరికి కాంతిరేణువులై మాయమవుతాడు. లోకంలో అతన్ని తలచే ఆఖరి మనిషి కూడా లేకపోవడమే ఆ రెండో చావుకు కారణం. మరుపు కూడా వర్గాన్ని బట్టి వస్తుందని ఇంత సూటిగా చూపిన పిల్లల చిత్రాన్ని నేను మరొకటి చూడలేదు.

మరి ఈ సత్యాన్ని చిత్రం చివరిదాకా మోసిందా? లేదు. ఎర్నెస్టో పాటలు దొంగిలించినవాడనీ, హెక్టర్‌ను విషం పెట్టి చంపినవాడనీ బయటపడుతుంది. మిగేల్ పాటతో కోకోకు తండ్రి జ్ఞాపకం వస్తుంది. ఆమె దాచిన ఉత్తరాలు పాటలు ఎవరివో రుజువు చేస్తాయి. మరుసటి ఏటికి హెక్టర్ ఫోటో పీఠమెక్కుతుంది. ఆ ఇల్లు యాత్రికులు చూసిపోయే స్థలమవుతుంది. అతను గేటు దాటి వంతెన మీద నడిచి వస్తాడు. గేటు మాత్రం అక్కడే ఉన్నది. చిచరోన్ వాడ మళ్ళీ తెరమీద కనిపించదు. కీర్తి ఒక దొంగ చేతినుంచి అసలు హక్కుదారు చేతికి మారింది. కీర్తి ఉంటేనే బతుకన్న నియమం చెక్కుచెదరలేదు. వ్యవస్థ చేసిన గాయాన్ని ఒక దుర్మార్గుడి నేరంగా కుదించి, ఒక కుటుంబం ఆనందంతో కట్టుకట్టారు.

పిల్లల చిత్రంలో విప్లవం తెమ్మంటావా అని ఎవరైనా నన్ను అడగవచ్చు. అంత మాట అనను. ఆ వాడను మనకు చూపింది చిత్రమే. చిచరోన్ కోసం మనచేత కన్నీరు పెట్టించిందీ చిత్రమే. వంతెన దాటుతూ హెక్టర్ ఒక్కసారి వెనుదిరిగి కిందికి చూసి ఉంటే చాలునని మాత్రమే నా మాట. అతను చూడలేదు, దర్శకులూ చూడలేదు.

ఈ మరుపు చరిత్ర విషయంలోనూ కనిపిస్తుంది. చిత్రకారిణి ఫ్రీడా కాలో ఇందులో నవ్వు పుట్టించే వింత పాత్ర. 1954లో ఆమె శవపేటిక మీద కమ్యూనిస్టు జెండా కప్పారన్న చరిత్ర తాలూకు జాడ కూడా తెరమీద లేదు. ఆ అలంకరించిన అస్థిపంజరాలకు లోకప్రసిద్ధమైన రూపమిచ్చిన హోసే గ్వదలూపే పొసాడా దొరలను ఎగతాళి చేస్తూ చౌక కాగితాల మీద బొమ్మలు అచ్చొత్తినవాడు. 1913లో బీదవాడిగానే చనిపోయాడు. ఎముకలు కూడా చివరికి ఉమ్మడి గోతిలో కలిసిపోయాయి. అతనిదీ ఆ అడుగు వాడే.

ఇంకొకటి. ఈ చిత్రం కోసమే 2013లో డిస్నీ సంస్థ ఆ పండుగ పేరును తన వ్యాపార చిహ్నంగా నమోదు చేసుకోబోయింది. అమెరికాలోని మెక్సికన్ ప్రజలు తీవ్రంగా నిరసించాక వెనక్కు తగ్గింది. అప్పుడు కార్టూన్‌తో ఎండగట్టిన లాలో అల్కరాజ్‌ను తర్వాత చిత్రానికి సలహాదారుగా పిలిచింది. పాట దొంగను ఖండించే కథ, పండుగనే సొంతం చేసుకోబోయిన ఇంట తయారయింది. ఈ వైరుధ్యం చిత్రం మంచితనాన్ని రద్దు చేయదు. ఆ మంచితనంలో నిరసించిన ప్రజల వంతు కూడా ఉన్నదని చెబుతుంది.

ఇంతవరకూ రాసి పక్కవాడిమీద తీర్పు చెప్పి లేచిపోవడం నిజాయితీ కాదు. ఎం.ఏ. చదివే రోజుల్లో నేను నాట్ల పాటలు సేకరించాను. ఈ చిత్రం చూసిన రాత్రి ఆ పాత నోటుపుస్తకం తీశాను. పాటలున్నాయి, బాణీల గుర్తులున్నాయి, ఊరి పేరున్నది, అట్టమీద నా పేరున్నది. పాడినవాళ్ళ దగ్గర ‘నలుగురు కూలి స్త్రీలు’ అని మాత్రమే ఉన్నది. మొన్న సెలవుల్లో ఆ ఊరు వెళ్ళి అడిగాను. ఇద్దరి పేర్లు చెప్పగలిగారు. మిగతా ఇద్దరూ ఎవరో చెప్పేవాళ్ళు లేరు. మడిలో వంగి నాటేస్తూ పాడిన ఆ ఇద్దరినీ ఫోటో లేనివాళ్ళ వాడకు పంపిన గేటు అధికారిని నేనే.

ప్రజల పాటను ప్రేమిస్తున్నామని చెప్పుకునే మనం, పాటను రాసుకునే ముందు పాడినవాళ్ళ పేరు రాసుకోవడం నేర్చుకోవాలి. ‘కోకో’ను మన పిల్లలకు చూపిద్దాం. చూపించాక, ఆ వాడలో మిగిలినవాళ్ళు ఏమయ్యారో వాళ్ళనే అడుగుదాం.