వరి దుబ్బులో రెక్కలు

బిట్రగుంట దగ్గర ఒక బడి గోడ మీద ఈ వారం కనిపించిన బొమ్మ ఈ శీర్షిక రాసేవారికి చిరాకు తెప్పించింది. ఆకు మీద గొంగళిపురుగు, కొమ్మకు గూడు, పైన రంగుల సీతాకోకచిలుక. కింద ‘ఓర్పు ఉంటే రెక్కలొస్తాయి’ అని నీతి. చుట్టూ వరిమళ్లున్న బోగోలు మండలంలో పిల్లలకు చూపించాల్సిన పురుగు అదేనా? పక్క పొలంలో ఉన్నదాన్ని వదిలేసి ఎక్కడిదో పాఠం చెప్పడం మీద ఈ శీర్షికకున్న కోపం పాఠకులకు కొత్త కాదు.

ఇక్కడి పురుగు కాండం తొలిచేది. పసుపురంగు ఆడ రెక్కల పురుగు, ముందు రెక్కల మీద చెరొక నల్లచుక్క. ఆకు కొసన గుంపుగా గుడ్లు పెట్టి, తన తోక దగ్గరి నూగుతో కప్పేస్తుంది. చూస్తే గోధుమరంగు దూది అంటుకున్నట్టే ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు కాండంలోకి దూరుతుంది. పిలక దశలో మొవ్వు ఎండిపోతుంది, లాగితే ఊడి చేతికొస్తుంది. ఈనే దశలో అయితే తెల్లకంకి, అంతా తాలే.

ఎదిగిన పురుగు దుబ్బు మొదట్లో కాండానికి రంధ్రం చేసి, దానికి పల్చటి పట్టుతెర కట్టి, లోపలే ప్యూపాగా మారుతుంది. రెక్కలొచ్చాక దానికి కొరికే నోరుండదు. అందుకే బయటపడే దారిని పురుగుగా ఉన్నప్పుడే తొలిచిపెట్టుకుంటుంది!

ప్యూపాలో పురుగంతా కరిగి రసమైపోతుందనేది సగం నిజమే. కండరాలు, పేగు చాలావరకు కరుగుతాయి. రెక్కల మొలకలు మాత్రం పురుగు ఒంట్లో ముందే ఉంటాయి. నాడీవ్యవస్థలోనూ కొంత భాగం నిలుస్తుంది. పొగాకు ఆకులు తినే ఒక రకం పురుగులకు, చివరి దశలో, ఒక వాసన చూపిస్తూ చిన్న కరెంటు షాకులిచ్చిన అమెరికా ప్రయోగం 2008లో అచ్చయింది. రెక్కలొచ్చాక కూడా వాటిలో ఎక్కువ భాగం ఆ వాసనను తప్పించుకున్నాయి.

ఈ మార్పును నడిపేవి హార్మోన్లు. 1954లో జర్మనీలో శాస్త్రవేత్తలు బ్యూటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి తీసిన ఎక్డైసోన్ అనే హార్మోన్ 25 మిల్లీగ్రాములు! ఆ బ్యూటెనాంట్ బృందమే 1959లో ఆడ పట్టు రెక్కల పురుగు మగదాన్ని పిలిచే పదార్థాన్ని విడదీసింది. ఇవాళ పొలాల్లో పెడుతున్న లింగాకర్షక బుట్టలు ఆ దారిలో వచ్చినవే.

ఇదంతా తలచుకున్నాక బొమ్మ గీసిన చేతి మీద కోపం నిలవలేదు. ఆ మార్పు గోడకెక్కాల్సిందే. వరి పురుగు కూడా దాని పక్కన ఉండాలి, అంతే.

ఇక ఆ పురుగు సంగతి. లింగాకర్షక బుట్టల్లో పడేవి మగవే. దీపపు ఎరకు వచ్చే ఆడవి అప్పటికే గుడ్లు పెట్టి ఉండొచ్చు. బుట్టలు, దీపాలు ఉధృతిని తెలుపుతాయి కానీ, అసలు పని కోతలో, నారులో ఉంది. రబీ కోతలో మిషన్ ఎత్తుగా వదిలిన కొయ్యకాళ్లలో పురుగులు, ప్యూపాలు మిగిలిపోతాయి, వెనకే ఎడగారు నార్లు మొదలవుతాయి. అందుకే నేలమట్టంగా కోయాలి, ఆలస్యం చేయకుండా దున్నేయాలి. నాటేముందు నారు కొసలు తుంచాలి. తుంచినవాటిని గట్టు మీద వదిలేయకుండా నాశనం చేయాలి, గుడ్లుండేది ఆ కొసల్లోనే.