ప్రశ్న వినిపిస్తుంది, పిల్లవాడే కనిపిస్తాడు

ఫ్రాన్స్వా త్రుఫో మొదటి ఫీచర్ సినిమా ‘ది 400 బ్లోస్’ (1959) అనగానే అందరూ చివరి షాట్ గురించే మాట్లాడతారు. నన్నడిగితే, అంతకు కాస్త ముందొచ్చే సైకాలజిస్టు సీనే ఈ సినిమాకి ప్రాణం.

అప్పటికే ఈ కథలోని పిల్లవాడు ఆంత్వాన్ ఇంటి సంగతి మనకు తెలుసు. పారిస్‌లో ఇరుకు ఫ్లాట్. వాడి పడక గుమ్మం పక్కనే. పొద్దుపోయి వచ్చిన తల్లి వాణ్ణి దాటుకుని లోపలికి పోతుంది. గోడ అవతల తల్లీ, మారుతండ్రీ వాడి గురించే పోట్లాడుకుంటుంటే చీకట్లో కళ్లు తెరుచుకుని వింటాడు. బడికెందుకు రాలేదంటే అమ్మ చచ్చిపోయిందనేస్తాడు. చివరికి మారుతండ్రి ఆఫీసులో టైప్‌రైటర్ దొంగిలించి, అమ్ముడుపోక తిరిగి పెట్టబోతూ దొరికిపోతాడు. ఆ తండ్రే తీసుకెళ్లి పోలీసులకి అప్పజెబుతాడు. అక్కణ్ణుంచి బాలనేరస్తుల కేంద్రానికి.

అక్కడ బల్ల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. అడిగే సైకాలజిస్టు గొంతు వినిపిస్తుందే గానీ, మనిషి ఒక్కసారి కూడా కనిపించదు. ఇంకొకరైతే ప్రతి జవాబుకీ ఆమె ముఖం చూపించి, ఆ కళ్లలో జాలి చూపించి, మనమెప్పుడు బాధపడాలో చెప్పేవారు. త్రుఫో ఆ ఆసరా తీసేశాడు. ఆ ఇంట్లో ఎవరూ వినని పిల్లవాడి మాట ఇక మనమే వినాలి. ఒక జవాబు డిజాల్వ్‌లో కరిగి ఇంకో జవాబు మొదలవుతుంది. మధ్యలో ఏం చెప్పాడో మనకి తెలియదు.

కడుపులో ఉండగానే తనని వద్దనుకున్నారనీ, అమ్మమ్మ వల్లే పుట్టాననీ చెబుతాడు. గొంతు వణకదు, ఏడుపు లేదు. చేతులు మాత్రం బల్ల మీద ఊరికే ఉండవు. ఆడపిల్లల సంగతి అడిగితే సిగ్గుతో నవ్వేస్తాడు. ఇంత బరువు మోస్తున్నవాడు ఇంకా పసివాడేనని ఆ నవ్వు చూశాకే గుర్తొస్తుంది.

ఈ జవాబులు రాసిచ్చినవి కావు. త్రుఫో తనే ప్రశ్నలడిగి, ఆంత్వాన్‌గా నటించిన పద్నాలుగేళ్ల ఝాన్ పియేర్ లెయోని సొంత మాటల్లో చెప్పనిచ్చాడు. ఆడగొంతు తర్వాత కలిపారు. తండ్రే పోలీసులకి అప్పగించడం త్రుఫోకి స్వయంగా జరిగింది; అయినా తన తరఫున వాదించుకోవడానికి ఈ సీను వాడుకోలేదు. తల్లిని రాక్షసిని చేయలేదు. అదే అతని పనితనంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది.

సినిమా వచ్చిన ఏడాదే కాన్స్ చిత్రోత్సవంలో అతనికి ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. మీరు ఈ సినిమా చూస్తే, ఆ సీను దగ్గర సబ్‌టైటిల్స్ చదవడం అయ్యాక వెనక్కి తిప్పి, ఈసారి అక్షరాలు వదిలేసి ఆ కుర్రాణ్ణే చూడండి.