షేకరుల కుర్చీయు తెల్లకాగితమును

అమెరికాలో 1930వ దశకపు ఆర్థికసంక్షోభమున పని లేని చిత్రకారులకు ప్రభుత్వము జీవనోపాధి కల్పించిన కార్యములలో 'ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్' అనున దొకటి. 1935 మొదలు 1942 వఱకు సాగిన యీ కార్యమున పాతకాలపు గృహోపకరణములు మున్నగువానిని సుమారు 18,000 చిత్రములలో నెక్కించిరి. అవి నేడు వాషింగ్టను నగరమందలి జాతీయ చిత్రశాలలో నున్నవి. వానిలో షేకరుల కుర్చీలను, బల్లలను, పెట్టెలను జూపు నీటిరంగుల చిత్రములు మాకు విచారణీయములుగా దోచినవి.

షేకరు లొక క్రైస్తవ సమాజమువారు. 1774లో ఆన్ లీ అను నామె యెనమండుగురు అనుచరులతో ఇంగ్లండు విడిచి అమెరికా చేరగా ఈ సమాజ మచట వేరూనెను. వారు సొంత యాస్తిని, వివాహమును, ఉపయోగము లేని యలంకారమును గూడ వర్జించిరి.

చిత్రకారుని నేర్పు మెచ్చదగినదే. వారి కోలపెట్టెను జూడుడు. పలుచని చెక్కను వంచి, అంచును వ్రేళ్లవలె చీల్చి, రాగిమేకులతో బిగించిరి. అది సొగసునకై చేసినది గాదు. చెక్క యుబ్బినను కుదించుకొన్నను పగులకుండుట కట్లు చేసిరి. రాగి తుప్పు పట్టి చెక్కకు మరక సేయదు. మన యాలంకారికులు చెప్పిన యౌచిత్యమునకు దారుశిల్పమున నింతకన్న మంచి యుదాహరణ మఱి యేమి కావలెను? ఇట్టి పనివాని ముందు చిత్రకారుడును తన చమత్కారము నడచుకొని, ఉన్నదాని నున్నట్లు చూపెను.

అయినను ఒక కొఱత గలదు. ఈ చిత్రములలో వస్తువు చాలవఱకు తెల్లకాగితముపై నొంటిగా నిలుచును. షేకరుల కుర్చీ యంత తేలికగా నుండు టెందులకు? గది యూడ్చునపుడు దానిని గోడకొయ్యకు దగిలించుటకు. ఆ గోడయు, కొయ్యయు, చీపురు పట్టిన చేయియు కాగితముపై లేవు. సమాజపాలనమున స్త్రీపురుషుల కిరువురకు సమానాధికార మిచ్చిన షేకరులలోను వంటయు, ఉతుకుటయు, ఇల్లు చక్కబెట్టుటయు స్త్రీల వంతే యయ్యెను. కుర్చీ చేసిన పురుషుని నేర్పు మన కన్నుల కగపడుచున్నది. దాని నెత్తి దించిన సోదరి శ్రమ యగపడుట లేదు.

నిరాడంబరత నేడు ధనికులకును వేడుకయే; ఆ కుర్చీలను పెద్దవెలల కిచ్చి కొనువారు కలరు. కావున ఈ చిత్రములను జూచు గృహస్థులకు మా మనవి యొక్కటి: వస్తువు సాదాగా నున్నదా యని మాత్రమే గాక, అది యెవరి భారమును తగ్గించుచున్నదని గూడ అడుగుడు.