గాలి రాకముందే రాసిన నాలుగు ముక్కలు

2022 ఫిబ్రవరి 18, శుక్రవారం. ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న వైట్ దీవిలో, నీడిల్స్ కొండకొమ్ము మీద గాలి గంటకు 196 కిలోమీటర్ల వేగంతో విసిరింది. ఇంగ్లండులో అంతకుముందు అంత వేగం నమోదు కాలేదు. లండన్‌లో ఓ2 ఎరీనా పైకప్పు గుడ్డ చీలికలైంది. హీత్రోలో విమానాలు దిగబోయి, రెక్కలు ఊగిపోతూ మళ్లీ పైకి లేస్తుంటే జనం ఆ దృశ్యాన్ని క్రికెట్ మ్యాచ్ చూసినట్టు ఇంటర్నెట్లో లైవ్‌గా చూశారు. ఆ తుపాను పేరు యూనిస్. గాలి సంగతి అందరూ రాశారు. నన్ను కట్టిపడేసింది మాత్రం దానికి ముందు ఎక్సెటర్‌లోని బ్రిటన్ వాతావరణ శాఖ, మెట్ ఆఫీసు నుంచి వెలువడిన హెచ్చరిక. రచన అనిపించుకోని రచన అది. రాసినవారి పేరుండదు, రేపటికి పనికిరాదు. అయినా అందులో ఒక్క వాక్యం కూడా ఊరికే పడి ఉండదు.

ఆ హెచ్చరికల్లో ముందుగా కనిపించేది గాలి వేగం కాదు, ఆ గాలి మనల్ని ఏం చేస్తుందన్నది. ఎగిరొచ్చే రేకులూ కొమ్మలూ ప్రాణం తీయొచ్చు. ఇంటి కప్పులు లేచిపోవచ్చు, చెట్లు వేళ్లతో సహా కూలొచ్చు. రోడ్లు, వంతెనలు, రైలు మార్గాలు మూతపడొచ్చు. కరెంటు పోతే మొబైల్ సిగ్నల్ కూడా పోవచ్చు. తీరం రోడ్ల మీదికి అలలు గులకరాళ్లను విసిరికొట్టొచ్చు. ఈ వరుస చూడండి. మొదట ప్రాణం, తర్వాత ఇల్లు, తర్వాత ప్రయాణం, ఆ తర్వాత కరెంటు, ఫోను. గాలి అంకెలు ఆ కిందెక్కడో, కావలసినవాళ్ల కోసం ఉంటాయి. గంటకు ఇన్ని మైళ్లంటే ఎంతో మామూలు మనిషికి ఊహకందదు. కప్పు లేచిపోతుందంటే మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది.

ఈ పద్ధతి అక్కడా మొదటినుంచీ లేదు. 1987 అక్టోబర్ 15 అర్ధరాత్రి దాటాక దక్షిణ ఇంగ్లండును ఊడ్చేసిన పెనుగాలికి 18 మంది చనిపోయారు, కోటిన్నర చెట్లు కూలాయి. హెచ్చరిక సరిగా అందలేదన్న విమర్శ చాలాకాలం వినిపించింది. ఆ మరుసటి ఏడే తీవ్ర వాతావరణ హెచ్చరికల జాతీయ సేవ మొదలైంది. చాలా ఏళ్లపాటు అదీ అంకెల మీదే నడిచింది: ఇంత గాలి, ఇంత వాన, ఇంత మంచు దాటితే హెచ్చరిక. 2011లో ఆ లెక్కను పక్కనపెట్టి ప్రభావాన్ని కొలమానం చేసుకున్నారు. స్కాట్లండు కొండల్లో నాలుగంగుళాల మంచు మామూలు సంగతి, అదే మంచు లండన్‌లో సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు పడితే ఊరు స్తంభిస్తుంది. అక్టోబర్‌లో ఇంకా ఆకులున్న చెట్టు, ఫిబ్రవరిలో మోడుగా నిలబడ్డ చెట్టు ఒకే గాలికి ఒకేలా కూలవు. నేల అప్పటికే నానిపోయి ఉంటే కొద్దిపాటి వానకే వరద వస్తుంది. ఇవన్నీ తూచి హెచ్చరికకు రంగు నిర్ణయించడం మనుషులు చేసే పని, కంప్యూటరు నమూనా ఒక్కటే తేల్చేది కాదు.

రంగులు మూడు: పసుపు, అంబర్, ఎరుపు. అసలు పనితనమంతా రంగుల వెనకున్న చిన్న గళ్ల పట్టికలో ఉంది. అడ్డంగా నాలుగు మెట్లు, నష్టం ఎంత అని. నిలువుగా నాలుగు మెట్లు, జరిగే అవకాశం ఎంత అని. మొత్తం పదహారు గళ్లు, వాటిలో ఒకదాంట్లో టిక్కు గుర్తు. రెండూ అత్యధికంగా ఉన్న మూల గడి ఒక్కటే ఎరుపు. పసుపు దగ్గరే తిరకాసు. చిన్న నష్టం దాదాపు ఖాయమైనా పసుపే, పెద్ద నష్టం జరిగే అవకాశం కొద్దిగా ఉన్నా పసుపే. మొదటిది బస్సు ఆలస్యమవుతుందన్న కబురు, రెండోది ప్రాణాల మీదికి రావచ్చన్న కబురు. రెండింటికీ ఒకే రంగు వేయడం ఈ పద్ధతిలో నాకు నచ్చని సంగతి. టీవీ తెర మీదికి, ఫోను నోటిఫికేషన్లోకి రంగు ఒక్కటే వస్తుంది, టిక్కు వెనకే ఉండిపోతుంది. అయినా తమకు ఎంతవరకు తెలుసో, ఎక్కడ తెలియదో గడి గీసి మరీ చూపించిన ప్రభుత్వ శాఖను మెచ్చుకోకుండా ఉండలేం.

యూనిస్ విషయంలో ఈ రంగులు మెట్టు మెట్టుగా పైకెక్కాయి. కొన్ని రోజుల ముందు పసుపు, ఆ తర్వాత అంబర్, 17న నైరుతి తీరానికి ఎరుపు. అది మర్నాడు ఉదయం ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా. 18 తెల్లవారుజామున లండన్‌తో సహా ఆగ్నేయ ప్రాంతానికి రెండో ఎరుపు, పది నుంచి మూడింటి వరకు. తుపాను పడమర నుంచి తూర్పుకు కదులుతుంటే హెచ్చరిక వేళలు కూడా దాని వెంటే జరిగాయి. అదే తుపానుకు ఉత్తరాన మంచు హెచ్చరిక విడిగా ఉంది. సెవర్న్ నదీముఖంలో పెద్ద పోటుకు గాలి తోడై సముద్రం లోపలికి తోసుకొస్తుందని వరద హెచ్చరిక మరొకటి. దాన్ని ఇచ్చేది పర్యావరణ సంస్థ. ఇంగ్లండులో నదీ, తీర వరదలు దాని బాధ్యత. దాని మెట్లు వేరు: అప్రమత్తం, హెచ్చరిక, తీవ్ర హెచ్చరిక. ప్రాణాపాయం ఉంటేనే మూడోది. 2007 వరదల తర్వాత, 2009లో ఈ రెండు సంస్థలూ కలిసి వరద అంచనా కేంద్రం పెట్టుకున్నాయి. అయినా చదివేవాడు రంగుల భాష ఒకటి, మాటల భాష ఒకటి నేర్చుకోక తప్పదు.

ఈ హెచ్చరికల పనికి మూలపురుషుడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్‌ను బీగిల్ ఓడలో తీసుకెళ్లిన కెప్టెన్ ఆయనే. 1859 అక్టోబర్‌లో రాయల్ చార్టర్ ఓడ ఆంగ్ల్‌సీ తీరాన బద్దలై 450 మందికి పైగా మునిగిపోయారు. ఆ విషాదం తర్వాత ఆయన టెలిగ్రాఫ్‌తో ఊరూరి వాతావరణం తెప్పించుకుని, 1861 ఫిబ్రవరిలో తుపాను హెచ్చరికలు మొదలుపెట్టాడు. రేవుల్లో స్తంభాలకు శంకువులూ డోళ్లూ వేలాడదీయించేవాడు. అంచనాలు తప్పినప్పుడు పత్రికలు ఎగతాళి చేశాయి. 1865లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి ఏడు హెచ్చరికలు ఆపేస్తే సముద్రం మీద బతికేవాళ్లు ఊరుకోలేదు, 1867లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

మన విశాఖ, మచిలీపట్నం, కాకినాడ రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలదీ ఆ వంశమే. శంకువులు, స్తూపాలు, రాత్రయితే దీపాలు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. పదకొండో నంబరంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. అది కూడా గొప్ప రచనే. అయితే మూడో నంబరు ఎగరేశారని రేడియోలో వింటే ఓడ కెప్టెన్‌కు తెలిసినంతగా తాటాకింట్లో ఉన్నవాడికి తెలియదు. ఇప్పుడు మన వాతావరణ శాఖ కూడా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో, ఏ జిల్లాలో దేనికి నష్టమో చెబుతూ బులెటిన్లు ఇస్తోంది. ఆ నష్టాల జాబితాను మన పత్రికలు అంకెలకంటే ముందు అచ్చువేస్తే బాగుంటుంది.

బ్రిటన్‌లో పిల్లలు చదువుకుంటున్న తల్లిదండ్రులకు ఒక మాట. చలికాలంలో మీ వాడి ఊరికి పసుపు హెచ్చరిక అని వార్త వస్తే, కంగారుగా ఫోన్ చేసేముందు మెట్ ఆఫీసు పేజీ తెరిచి ఆ పట్టికలో టిక్కు ఏ గడిలో ఉందో చూడండి. కుడివైపు గడిలో, అంటే పెద్ద నష్టం వైపు ఉంటే మాత్రం వెంటనే ఫోన్ చేయండి.