ముడుతలపై వెలుతురు

మా మేనమామగారి సహస్రచంద్రదర్శనమునకై స్టూడియోలో తీయించిన ఛాయాచిత్రము ఈ వారము చేతికందగానే నాకు కలిగిన కోపము ఇంతింత యని చెప్పజాలను. 50 ఏండ్లు పొగాకు బ్యారనుల వేడిమిలో కమిలి, అప్పులకును అకాలవర్షములకును ముడుతలువడిన ఆ మొగమునకు ఇరుప్రక్కల రెండు పెద్ద సాఫ్ట్‌బాక్సులు సమానముగా నిలిపి, నీడ యనునది మిగులకుండ తుడిచివైచి, ఒలిచిన కోడిగ్రుడ్డువలె చేసియుంచినారు.

ఈ శీర్షికను విడువక చదువు మిత్రులు నా పాత పాట నెరుగుదురు: మొగమునకు దీపమొక్కటే చాలును, రెండవది మొగమాటము. ఈ పంతము నాకు బాల్యముననే పట్టుబడినది. మా ఊరి స్టూడియోలో ఏటవాలు బల్లమీద నెగటివు నుంచి, వెనుకనుండి అద్దముతో వెలుతురు పట్టి, సూదివలె చెక్కిన పెన్సిలుతో ఒక వృద్ధుడు గంటలకొలది చుక్కలు పెట్టుచుండెడివాడు. ముడుతలోని నీడ నెగటివులో తేటగా నుండును గనుక, అచ్చట పెన్సిలు చుక్క పడినకొలది అచ్చులో ఆ నీడ కరగిపోవును. అట్లు మా నాయనమ్మ వయస్సులో 20 ఏండ్లు ఆ పెన్సిలు క్రింద మాయమయినవి. పటము గోడకెక్కినది గాని నాయనమ్మ మాత్రము అందులోనికి రాలేదు. నాటినుండి మెత్తని వెలుతురన్న నాకు అనుమానమే.

కావున మామయ్యగారిని మా ఇంటికి పిలిపించి, గది చీకటి చేసి, ఒకే దీపమును 45 డిగ్రీల ప్రక్కగా, కంటికంటె ఎత్తున నిలిపితిని. ముక్కు నీడ పోయి చెంప నీడతో కలిసి, చీకటివైపు కంటి క్రింద చిన్న త్రికోణమంత వెలుతురు మిగిలినచో, ఆ అమరికను డచ్చి చిత్రకారుడైన రెంబ్రాంట్ పేరుతో పిలుచుట ఈ వృత్తిలో ఆచారము. దీపము చిన్నదైనకొలదియు, దూరమైనకొలదియు నీడ యంచు కత్తితో తెగినట్లుండును. అందుచే గొడుగు తీసివేసి, దీపమును వెనుకకు జరిపి, నీడవైపు పెట్టవలసిన థర్మోకోలు పలకను గూడ మూలకు చేరవైచితిని. ప్రతి ముడుతయు దుక్కి చాలువలె లేచినది. శాసనము దొరకిన పరిశోధకునివలె ఉప్పొంగి, అచ్చును అత్తయ్యగారి చేత బెట్టితిని.

ఆమె కళ్ళజోడు సవరించుకొని, "ఎవర్రా ఈ కోపిష్టి? మీ మామయ్య నన్నొక్కనాడైనా ఇట్లా చూడలేదు" అన్నది.

1941 డిసెంబరు 30న ఒట్టావాలో యూసుఫ్ కార్ష్ తీసిన చర్చిల్ చిత్రమును చూపి, ఛాయాచిత్రమున వ్యక్తిత్వమన్న అట్లుండవలెనని ఎన్నిమార్లు ఉపన్యసించితినో! ఆ భృకుటిలో యుద్ధకాలపు బ్రిటను మొండిధైర్యమును లోకము చూచినది. కార్ష్ చెప్పుకొన్నదేమన, నోటనున్న చుట్టను తాను లాగికొనుటచే పుట్టిన చిరాకది. ఆ వెంటనే తీసిన రెండవ చిత్రములో ఆ పెద్దమనిషి నవ్వుచునే యున్నాడు. ఆ నవ్వును నేనెన్నడును లెక్కలోనికి తీసికొనలేదు.

మామయ్యగారి రెండు పటములను ప్రక్కప్రక్కన బెట్టి మరల చూచితిని. నా పటములో ఒక కన్ను గుంటలో పూర్తిగా మునిగినది. ఆ ముసలి పెన్సిలువాడు చెరిపినంత శ్రద్ధగా నేను దీపముతో చెక్కితిని, అంతియే భేదము. స్టూడియోవారి పటములో చెంపలు చచ్చినను, రెండు కన్నులలోను వెలుతురు చుక్క సజీవముగా నున్నది. ఎవరినైనను పలుకరింపబోవు ముందు మామయ్యగారి కంటికొసలలో కదలు పరిహాసము ఆ చుక్కలవలననే దక్కినది. అత్తయ్యగారు దానినే ముందుగదిలో తగిలించుమన్నది. తగిలించితిని, మేకు నేనే కొట్టితిని.

మరునాటి ఉదయము మామయ్యగారు మా వరండాలో వార్తాపత్రిక విప్పికొని కూర్చుండిరి. తూర్పు వెలుతురు ఒక చెంపను తాకుచుండ, ఒడిలోని కాగితము దానిని మరలగొట్టి కనుగుంటలలోనికి పంపుచుండెను: ముడుత లన్నియు నున్నవి, కోపము లేదు. నేను కెమెరా తెచ్చునంతలో ఆయన పత్రిక మడిచి, "కాఫీ అయిందా?" అనుచు లోనికి నడచినారు.